క్రికెట్ పౌడర్ ల్యాబ్ రిపోర్ట్ క్లియర్‌గా వచ్చింది, ఇక అమ్మేయొచ్చా అన్న ప్రశ్నకి

మీరు అడిగింది ఇదీ. షెడ్‌లో కీచురాళ్ళు, అదే క్రికెట్స్, పెంచారు, ఉడకబెట్టి ఆరబెట్టి పొడి చేశారు, ఒక శాంపిల్ ల్యాబ్‌కి పంపితే ప్రోటీన్ 68 శాతం, తేమ 6 శాతం, సాల్మొనెల్లా లేదు అని రిపోర్ట్ వచ్చింది. యూరప్‌లో ఎలాగూ ఓకే చేశారు కదా, ఇక ప్యాక్ చేసి అమ్మేయొచ్చా, లేక ఎలుకల మీద టెస్టులు కూడా చేయించాలా అన్నారు. చివర్లో ఇంకో లైన్ రాశారు, మా ఆవిడకి రొయ్యలు పడవు, కానీ పొడి బాగా ఉడికిందే కాబట్టి ఫస్ట్ టేస్ట్ తనే చేస్తానంటోంది అని.

ముందు ఆ చివరి లైన్ సంగతి చెప్తా, మిగతావన్నీ తర్వాత. దయచేసి ఆవిడని టేస్ట్ చేయనివ్వకండి. చిటికెడు కూడా వద్దు. ఇప్పటికే ఏదైనా పిండిలో కలిపి పెట్టేసి ఉంటే అది పక్కన పెట్టేసి, డబ్బా మీద రాసి పెట్టండి.

ఎందుకంటే రొయ్య, పీత, కీచురాయి, మిడత ఇవన్నీ ఒకే పెద్ద కుటుంబం, కీళ్ళ కాళ్ళ జీవులు. వీటి కండరాల్లో ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, రొయ్యలు పడనివాళ్ళలో చాలామందికి అసలు పడనిది ఆ ప్రోటీనే. ఒంట్లో తయారైన యాంటీబాడీకి ఇది రొయ్యదా కీచురాయిదా అన్న తేడా తెలీదు, రెండింటి ఆకారం అంత దగ్గరగా ఉంటుంది. పైగా ఆ ప్రోటీన్ వేడికి లొంగదు, ఉడకబెట్టినా వేయించినా అలెర్జీ తెప్పించే గుణం పోదు, కాబట్టి "బాగా ఉడికింది" అన్న మాట ఇక్కడ ఏ మాత్రం పనికిరాదు. నెదర్లాండ్స్‌లో 2016లో వచ్చిన ఒక స్టడీలో రొయ్యల అలెర్జీ ఉన్న 15 మందికి హాస్పిటల్‌లో, డాక్టర్ల కళ్ళ ముందు, కొద్దికొద్దిగా మీల్‌వార్మ్ అనే ఇంకో తినే పురుగుని పెట్టి చూస్తే 13 మందికి రియాక్షన్ వచ్చింది. 15లో 13. ఇంట్లో పెనం పక్కన నిలబడి చేయాల్సిన టెస్ట్ కాదది. ఇంట్లో దుమ్ము పురుగులు, అంటే డస్ట్ మైట్స్, పడనివాళ్ళకీ ఇదే జాగ్రత్త.

ఇది ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానంటే, నేను 18 ఏళ్ళుగా ఫుడ్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తున్నా, ఎక్కువ మైక్రోబయాలజీ బెంచ్ మీదే, గత కొన్నేళ్ళుగా పురుగుల శాంపిల్స్ కూడా చూస్తున్నా. ఒకసారి మా దగ్గర జూనియర్ అమ్మాయి మీల్‌వార్మ్ పొడిని జల్లెడ పడుతోంది, మాస్క్ గడ్డం కిందకి లాగేసి ఉంది, పది నిమిషాల్లో తుమ్ములు మొదలయ్యాయి, తర్వాత గ్లౌజ్ అంచు దగ్గర మణికట్టు చుట్టూ ఎర్రగా దద్దుర్లు వరసగా లేచాయి, గాజు వేసుకున్నట్టు. ఆ అమ్మాయికి రొయ్యలతో ఏ రోజూ ఇబ్బంది లేదు, అంతకుముందు వారాల తరబడి అదే పొడితో పని చేసింది. పురుగులు పెంచేవాళ్ళకీ పొడి పట్టేవాళ్ళకీ ఇలా కొత్తగా అలెర్జీ రావడం పేపర్లలో కూడా ఉంది, అప్పటిదాకా ఏమీ లేనివాళ్ళకే. మీ షెడ్‌లో పొడి పట్టేది ఎవరో నాకు తెలీదు, ఎవరైనా సరే మూసి ఉండే మిల్లు, మంచి మాస్క్, చేతులు కప్పే బట్టలు ఇవ్వండి, ఇవాళే.

అలెర్జీ విషయంలో ల్యాబ్ మిమ్మల్ని "పాస్" చేయడం అనేదే ఉండదు. కీచురాయిలో ఆ ప్రోటీన్ ఉంటుంది, అంతే, అది ఆ జీవి ఒళ్ళే. దానికి మందు లేబుల్ ఒక్కటే, క్రస్టేషియన్లు (రొయ్య, పీత లాంటివి), మొలస్కులు (నత్త, ఆల్చిప్ప లాంటివి), డస్ట్ మైట్స్ పడనివాళ్ళకి రియాక్షన్ రావచ్చు అని ప్యాకెట్ మీద స్పష్టంగా, చదవగలిగే సైజులో. యూరప్ పర్మిషన్లలో ఇంటి కీచురాయికి ఈ లైన్ తప్పనిసరి చేశారు. ఇంకొకటి చాలామంది మర్చిపోతారు, మీ పురుగులకి గోధుమ తవుడు పెడుతుంటే ఆ గోధుమ పేగులో మిగిలి పొడిలోకి వస్తుంది, సీలియాక్, అంటే గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు, ఉన్నవాళ్ళకి అదే ప్రమాదం, కాబట్టి ఎలైసా అనే యాంటీబాడీ పద్ధతిలో గ్లూటెన్ టెస్ట్ చేయించండి, మేతలో సోయా ఉంటే సోయాకి కూడా.

ఇప్పుడు రిపోర్ట్‌కి వద్దాం.

ప్రోటీన్ 68 అన్నారు. ఆ నంబర్ చూసి సంతోషపడ్డారని మీ రాతలోనే తెలుస్తోంది, కానీ అది ఎలా వచ్చిందో చెప్తా వినండి. ల్యాబ్‌లో ప్రోటీన్‌ని నేరుగా కొలవరు, యెల్డాల్ పద్ధతిలో నైట్రోజన్ కొలిచి దాన్ని 6.25తో గుణిస్తారు, మాంసానికి అది సరిపోతుంది. పురుగు పైపెంకులో కైటిన్ ఉంటుంది, కైటిన్‌లో నైట్రోజన్ ఉంటుంది కానీ అది ప్రోటీన్ కాదు, మన పేగులో పెద్దగా అరగదు కూడా. కాబట్టి పెంకు నైట్రోజన్ కూడా ప్రోటీన్ ఖాతాలో పడిపోతుంది. వాగెనింగెన్ యూనివర్సిటీ వాళ్ళు 2017లో మీల్‌వార్మ్‌తో పాటు ఇంకో రెండు రకాల లార్వాల మీద లెక్క కడితే మొత్తం పురుగుకి సరైన సంఖ్య 4.76 దగ్గర తేలింది. కీచురాయికి అచ్చంగా అదే సంఖ్య వాడాలని నేను అనట్లేదు, జాతిని బట్టి మారుతుంది, కానీ ఉదాహరణకి దానితో చూస్తే మీ 68 కాస్తా 52కి దిగుతుంది. ఇది సేఫ్టీ సమస్య కాదు కదా అంటారేమో, ఒక లెక్కన అదీ సేఫ్టీనే, ఎందుకంటే పిల్లలకీ పెద్దవాళ్ళకీ ప్రోటీన్ కోసమని ఇదొక్కటే పెట్టేవాళ్ళుంటారు, వాళ్ళు మీ ప్యాకెట్ మీద నంబర్ నమ్ముకుని పెడతారు. అమైనో యాసిడ్ ప్రొఫైల్, అంటే ప్రోటీన్ ముక్కల లెక్క, చేయించి అసలు ప్రోటీన్ ఎంతో లెక్క వేసుకోండి, కైటిన్ విడిగా కొలిపించండి.

సాల్మొనెల్లా లేదు అన్నది మంచి వార్తే, ఎంత మంచి వార్తో చూద్దాం. 25 గ్రాముల్లో వెతికారు, దొరకలేదు. మీ లాట్ మొత్తాన్ని 25 గ్రాముల పొట్లాలుగా కట్టారనుకోండి, వందలో ఒక పొట్లంలో సాల్మొనెల్లా ఉందనుకోండి, మీరు పంపిన ఒక్క పొట్లం దాన్ని పట్టుకోకుండా వదిలేసే అవకాశం 99 శాతం. ఐదు పొట్లాలు పంపినా 95 శాతం. అంటే ఆ రిపోర్ట్ చెప్పేది మీరు పంపిన చెంచాల సంగతి, షెడ్ సంగతి అందులో లేదు. నేను పురుగుల శాంపిల్ ఎవరు తెచ్చినా మొదట అడిగేది పొడి గురించి కాదు, ఏ జాతి, ఏం మేత పెట్టారు, ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచారు, ఎలా చంపారు, చంపాక ఎంతసేపటికి ఆరబెట్టారు, ఇవే అడుగుతా. యూరప్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ, ఎఫ్సా అంటారు, 2015లో పురుగుల మీద ఇచ్చిన మొదటి పెద్ద రిపోర్ట్‌లో చెప్పిందీ దాదాపు ఇదే, ప్రమాదం ఎంతుంటుందన్నది జాతి, మేత, పెంపకం, ఏ దశలో పెట్టెల్లోంచి తీశారు, ఎలా ప్రాసెస్ చేశారు అన్న వాటి మీద ఆధారపడి ఉంటుందని.

మీకు వీలైతే ఒక పని చేయండి, ఉడకబెట్టడానికి ముందు ఒక కీచురాయిని ఫ్రీజర్‌లో పెట్టి చంపి, పొట్ట దగ్గర బ్లేడుతో నిలువుగా చీల్చి లెన్స్‌తో చూడండి. మధ్యలో ముదురు రంగు గొట్టం, దాంట్లో సగం అరిగిన మేత కనిపిస్తుంది. కోడికైతే పేగు తీసేస్తాం, చేపకి తీసేస్తాం, పురుగుని మాత్రం పేగుతో సహా పొడి చేస్తాం. పచ్చి పురుగులో గ్రాముకి కోటి నుంచి వంద కోట్ల దాకా బ్యాక్టీరియా ఉండటం మామూలే. 24 గంటలు మేత ఆపితే పేగులో మేత తగ్గుతుంది, అది చేయాల్సిందే, పర్మిషన్ కోసం కంపెనీలు పెట్టగా ఎఫ్సా చూసిన ఫైళ్ళలో కూడా కనీసం 24 గంటలు ఆపారు, కానీ ఉపవాసం పెట్టాం కాబట్టి బ్యాక్టీరియా పోయాయి అనుకోకండి, ఆ లెక్క పెద్దగా పడిపోదు. ఫ్రీజ్ చేసి చంపినా అంతే, పురుగు చస్తుంది, బ్యాక్టీరియా నిద్రపోతాయి.

ఉడకబెట్టడమే అసలు మెట్టు. మరిగే నీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచితే సాల్మొనెల్లా, ఈకోలై లాంటి కుటుంబం చనిపోతుంది. వేయించడం మాత్రం నమ్మకండి, పైన కరకరలాడుతుంది కానీ లోపల వేడి సరిగ్గా ఎక్కదు, వేయించే ముందు ఉడకబెట్టడం తప్పనిసరి. అయితే ఉడకబెట్టినా చావనివి ఉన్నాయి, బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా లాంటి వాటి స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే గట్టి గింజల్లాంటి రూపాలు. మీ రిపోర్ట్‌లో ఆ పేరే లేదు, నాకు అన్నిటికన్నా కంగారు అదే.

ఒకాయన మా దగ్గరికి కీచురాళ్ళ పొడి తెచ్చారు, మీలాగే చిన్న యూనిట్, మంచి మనిషి, శుభ్రంగా పనిచేసేవాడు. సాల్మొనెల్లా లేదు, ఈకోలై లేదు. నాకెందుకో అనుమానం వచ్చి పొడిని నీళ్ళలో కలిపి 80 డిగ్రీల్లో 10 నిమిషాలు పెట్టా, మామూలు బ్యాక్టీరియా చచ్చి స్పోర్లు మాత్రం మిగిలేలా, తర్వాత ఈ బ్యాక్టీరియాని గుర్తుపట్టడానికి వాడే, గుడ్డు సొన కలిపిన ఎంవైపీ ప్లేట్ మీద పోసి ఇంక్యుబేటర్‌లో పెట్టి ఇంటికెళ్ళిపోయా. పొద్దున్న వచ్చి తీస్తే ప్లేట్ నిండా గులాబీ రంగు కాలనీలు, ఒక్కోదాని చుట్టూ తెల్లటి పొగమంచు లాంటి వలయం, అది చూస్తే పెద్దగా డౌట్ ఉండదు, బ్యాసిల్లస్ సీరియస్ గుంపే. తర్వాత ఆయన యూనిట్‌కి వెళ్ళి రోజంతా కూర్చుని చూశా. ఉడకబెట్టడం కరెక్ట్, టైమర్ పెట్టి మరీ చేస్తున్నాడు. కానీ డ్రయర్ ఒక్కటే ఉంది, రెండో వాయి ఉడికాక డ్రయర్ ఖాళీ లేక తడి కీచురాళ్ళని లోతైన ట్రేలో కుప్పగా పోసి మూత పెట్టి రాత్రంతా ఉంచేస్తున్నాడు. ఉడికిన పురుగు అంటే మంచి ప్రోటీన్, తడి, కుప్ప మధ్యలో గోరువెచ్చన, పోటీకి వచ్చే వేరే బ్యాక్టీరియా ఉడకడంలోనే చచ్చాయి, స్పోర్లకి ఇంతకన్నా ఏం కావాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన పాయింట్, ఆ రాత్రి పెరిగిన బ్యాక్టీరియాని పొద్దున్న డ్రయర్ వేడి కొంత చంపేస్తుంది, దాంతో లెక్క తక్కువ రావచ్చు, కానీ అది వదిలిన వాంతులు తెప్పించే విషం, సెరియులైడ్, 121 డిగ్రీల్లో గంటన్నర పెట్టినా చెక్కుచెదరదు. అంటే ప్లేట్ శుభ్రంగా కనిపించినా ప్యాకెట్ శుభ్రంగా ఉండకపోవచ్చు. అందుకే టైమ్ రికార్డ్ ఉండాలి, ఏ ట్రే ఎన్నింటికి నీళ్ళలోంచి తీశారు, ఎన్నింటికి డ్రయర్‌లోకి వెళ్ళింది. ఆయన చివరికి ఉడకబెట్టే వాయి సైజు సగానికి తగ్గించుకున్నాడు, డ్రయర్‌లో పట్టినంతే ఉడకబెట్టడం, మిగిలితే పల్చగా పరిచి వెంటనే చల్లార్చి ఫ్రిజ్‌లో. కొత్త మెషీన్ ఏమీ కొనలేదు, మూడు వాయిలు వరసగా టెస్ట్ చేస్తే మూడూ బాగా వచ్చాయి. యూరప్‌లో మీల్‌వార్మ్‌కి పెట్టిన బ్యాసిల్లస్ సీరియస్ లిమిట్ గ్రాముకి 100 సీఎఫ్‌యూ, అంటే ప్లేట్ మీద 100 కాలనీలు, మీరూ దాన్నే టార్గెట్‌గా పెట్టుకోండి.

హిస్టమిన్ కూడా ఇదే కథ. పురుగు చచ్చి వెచ్చగా పడి ఉంటే బ్యాక్టీరియా దాంట్లోని హిస్టిడిన్ అనే అమైనో యాసిడ్‌ని హిస్టమిన్‌గా మారుస్తాయి, తర్వాత నూనెలో ఎంత వేయించినా అది పోదు, తిన్నవాళ్ళకి మొహం ఎర్రబడటం, తలనొప్పి, వాంతులు, అచ్చం అలెర్జీలాగే ఉంటుంది. థాయ్‌లాండ్‌లో వేయించిన పురుగులు తిని జనం గుంపుగా ఇలా పడిపోయిన కేసులు రికార్డై ఉన్నాయి. కాబట్టి పెట్టెలో తమంతట తాము చచ్చిపోయినవి ఏరి పారేయండి, బరువు కోసమని కలపొద్దు. కీచురాళ్ళకి డెన్సోవైరస్ అని ఒకటి వస్తుంది, పెట్టెలకి పెట్టెలు తుడిచిపెట్టేస్తుంది, మనుషులకి ఏమీ చేయదు, కానీ అలా చచ్చిన కుప్ప ఎంతసేపటి నుంచి పడి ఉందో ఎవరికీ తెలీదు, నష్టం అనిపించినా అది తిండిలోకి రాకూడదు.

తేమ 6 శాతం బాగానే ఉంది, కానీ తేమ శాతం కన్నా వాటర్ యాక్టివిటీ, అంటే సూక్ష్మజీవులు వాడుకోగల నీరు ఎంతుందో చెప్పే కొలత, కొలిపించండి, 0.6 కంటే తక్కువ ఉంటే ఏ సూక్ష్మజీవీ పెరగలేదు. ప్యాక్ చేసిన రోజు ఒక్కటే చాలదు, మూడు నెలలు, ఆరు నెలలు ఆగి అవే ప్యాకెట్లు తెరిచి మళ్ళీ చూడాలి. కొవ్వు కూడా ఉంది కాబట్టి అప్పుడే పెరాక్సైడ్ వాల్యూ, అంటే కొవ్వు ఎంత పాడైందో చెప్పే నంబర్, చూపించండి, పాతబడిన నూనె కంపు మొదలైతే ముక్కే ముందు చెప్తుందిలెండి.

మేత గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు, ఇది మళ్ళీ పెద్ద సంగతి. పురుగు తిన్నదంతా బయటికి పోదు, కొన్ని లోహాలు ఒంట్లో దాచుకుంటుంది, అదీ జాతిని బట్టి. డచ్ పరిశోధకులు 2016లో మేతలో క్యాడ్మియం, సీసం, ఆర్సెనిక్ కలిపి చూస్తే బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ లార్వా క్యాడ్మియంని మేతలో ఉన్నదానికన్నా ఎక్కువ గాఢంగా పోగేసుకుంది, మీల్‌వార్మ్ ఆర్సెనిక్‌ని పోగేసుకుంది. ఒకే మేత, రెండు పురుగులు, రెండు రకాల ఫలితాలు. కాబట్టి వేరే పురుగు మీద వచ్చిన పేపర్ చూపించి మా కీచురాయికి ఏమీ కాదు అనడం కుదరదు. మేత ప్రతి కొత్త లోడుకీ, పొడి ప్రతి బ్యాచ్‌కీ సీసం, క్యాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం చేయించండి. మేతకి అఫ్లాటాక్సిన్, అంటే బూజు వదిలే విషం, కూడా. ఇందులో కాస్త ఊరట ఉంది, మీల్‌వార్మ్, బ్లాక్ సోల్జర్ ఫ్లై రెండూ అఫ్లాటాక్సిన్ బీ1ని ఒంట్లో పోగేసుకోవని ప్రయోగాల్లో తేలింది, అయినా కడుపులో మిగిలిన మేత ఎలాగూ పొడిలోకి వస్తుంది కాబట్టి టెస్ట్ మానేయొద్దు. హోటల్ మిగుళ్ళు, పేడ లాంటివి మేతగా అస్సలు వద్దు, యూరప్‌లో పెంచే పురుగులకి అవి నిషేధం. యాంటీబయాటిక్స్ కూడా వాడొద్దు, వాడి ఉంటే దాచకుండా ల్యాబ్‌కి చెప్పండి, వాటి అవశేషాలు వెతకడం వేరే టెస్ట్.

మీ ప్రశ్న కింద కామెంట్లలో ఒకాయన పెంచడం ఎందుకు, బయట పొలాల్లో పట్టుకుంటే ఆర్గానిక్ కదా అన్నారు. కాదండి, అది ఇంకా ప్రమాదం. 1988, 89ల్లో కువైట్‌లో మిడతల దండు వచ్చినప్పుడు జనం పట్టి తిన్న మిడతల్లో పురుగుమందులు బాగా ఎక్కువగా దొరికాయి, ఎందుకంటే వాటిని చంపడానికే మందు కొట్టారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని మాంటెరే కౌంటీలో పిల్లల రక్తంలో సీసం ఎక్కువ వస్తోందని వెతుక్కుంటూ పోతే, మెక్సికోలోని వహాకా నుంచి బంధువులు పంపే ఎండు మిడతలు బయటపడ్డాయి. ఆ తల్లులు అది మంచి తిండి అనుకునే పిల్లలకి పెట్టారు. పంపినవాళ్ళూ ప్రేమతోనే పంపారు. సీసం ఉన్నట్టు రుచిలో తెలీదు, వాసనలో తెలీదు, పిల్ల పదే పదే తిన్నాక రక్తంలో కనిపిస్తుంది.

తరతరాలుగా తింటున్నారు కదా అన్నది ఇంకో వాదన. ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ 2013 రిపోర్ట్ ప్రకారం మనుషులు తినే పురుగు జాతులు 1900 పైనే, అందులో అబద్ధం లేదు, అలా తిన్న చరిత్ర ఉండటం నిజంగా బలమైన ఆధారమే. కానీ నైజీరియా సంగతి వినండి. అక్కడ నైరుతి ప్రాంతంలో అనాఫె అనే ఒక పట్టుపురుగు ప్యూపాల్ని, అంటే గూట్లో ఉన్న దశలోవాటిని, వేయించి తింటారు. ఏటా వానాకాలంలో కొంతమందికి ఉన్నట్టుండి నడక తూలిపోవడం, వణుకు, నిలబడలేకపోవడం వచ్చేది. చివరికి తేలిందేంటంటే ఆ ప్యూపాలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంది, అది థయమిన్‌ని, అంటే బీ1 విటమిన్‌ని, విరగ్గొట్టేస్తుంది, మామూలు వంట వేడికి చావదు, అప్పటికే తిండిలో బీ1 తక్కువగా ఉన్నవాళ్ళు దెబ్బతిన్నారు. థయమిన్ ఇస్తే కోలుకున్నారు. ఇది ఏ మామూలు ల్యాబ్ ప్యానెల్‌లోనూ దొరకదు. సాల్మొనెల్లా లేదు, సీసం లేదు, ప్రోటీన్ బాగుంది, రిపోర్ట్ పచ్చగా ఉంటుంది, మనిషి మాత్రం తూలిపోతాడు. అందుకే ఏ టెస్టులు చేయాలన్నది ల్యాబ్ రేటు కార్డు చూసి కాకుండా, ఆ జాతి గురించి తెలిసింది మొత్తం చదివి రాసుకోవాలి. కొన్ని పెంకుపురుగులు తమని కాపాడుకోడానికి బెంజోక్వినోన్లనే ఘాటు రసాయనాలు వదులుతాయి, కొన్ని ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే కాంథరిడిన్ దాచుకుంటాయి, రంగురంగుల పగటి మాత్‌లు కొన్నిట్లో సైనైడ్ పుట్టించే పదార్థాలుంటాయి. మీరు పెంచుతున్నది నిజంగా ఇంటి కీచురాయి, అకేటా డొమెస్టికస్ అయితే ఇవి పెద్ద బెంగ కాదు, అది బాగా చదివిన జాతే. మీ పెట్టెల్లో ఉన్నది అదేనని ఎవరు చెప్పారు, గుడ్లు అమ్మినాయనా? ఒక్కసారి డీఎన్ఏ బార్‌కోడింగ్, అంటే డీఎన్ఏ చూసి జాతి తేల్చే టెస్ట్, చేయించుకోండి, ఫైల్‌లో మొదటి కాగితం అదే అవ్వాలి.

యూరప్ ఓకే చేసింది కదా అన్నారు. చేసింది, కానీ ఏం చేసిందో చూడండి. కొత్త ఆహారాల రూల్ 2018 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది, 2021 జనవరిలో ఎండు మీల్‌వార్మ్ మీద ఎఫ్సా మొదటిసారి సేఫ్ అని చెప్పింది, ఆ ఏడాది జూన్‌లో పర్మిషన్, నవంబర్‌లో మిడతకి, 2022 ఫిబ్రవరిలో ఇంటి కీచురాయికి, 2023 జనవరిలో కొవ్వు కొంత తీసిన కీచురాయి పొడికి. సింగపూర్ 2024 జులైలో 16 జాతులకి ఒకేసారి దారి తెరిచింది. అయితే యూరప్‌లో ఒక్కో ఫైల్ ఒక్కో కంపెనీ సొంత పద్ధతికే కట్టుబడి ఉంటుంది, ఇన్ని గంటల ఉపవాసం, ఇలా చంపడం, ఇంత వేడి, ఇంత తేమ, ఫలానా తిండిలో వందకి ఇన్ని గ్రాములకి మించకూడదు, ఇవన్నీ రాసి ఉంటాయి, ఆ డేటాని మొదట ఐదేళ్ళు వేరేవాళ్ళు వాడుకోవడానికి కూడా లేదు. వాళ్ళు కనీసం ఐదు బ్యాచ్‌ల డేటా అడుగుతారు, విడివిడిగా తయారైన బ్యాచ్‌లు, ఒకే బస్తాలోంచి తీసిన ఐదు పొట్లాలు కాదు. వాళ్ళ పర్మిషన్ మీ షెడ్‌కి వర్తించదు, వాళ్ళు అడిగిన ప్రశ్నలు మాత్రం మీరు పూర్తిగా వాడుకోవచ్చు, ఆ అభిప్రాయాలన్నీ ఎవరైనా చదువుకునేలా నెట్‌లో ఉన్నాయి, ఇంటి కీచురాయిది వరస తప్పకుండా చదవండి, మీ దేశంలో పర్మిషన్ ఫైల్ రాసేటప్పుడు అదే మీకు నమూనా.

ఎలుకల టెస్టు గురించి. మీరు ఇప్పుడే దానికి డబ్బు పెట్టొద్దని నా సలహా. 90 రోజులు ఎలుకలకి తినిపించి చూసే స్టడీకి ఓఈసీడీ అనే దేశాల కూటమి రాసిన పద్ధతి ఉంది, కానీ అది రసాయనాలకి బాగా కుదురుతుంది. రంగుకో ప్రిజర్వేటివ్‌కో అయితే మనిషి తినేదానికి వంద రెట్లు ఎలుకకి పెట్టి చూడొచ్చు. కీచురాయి పొడిని వంద రెట్లు ఎలా పెడతారు, ఎలుక తిండి సగం అదే అయిపోయినా అన్ని రెట్లు రావు, పైగా తిండి సమతూకం పాడై ఎలుక చిక్కిపోతే అది విషం వల్లా పోషకాల లోపం వల్లా అని తేల్చలేక తల పట్టుకోవాలి. జన్యువుల మీద ప్రభావం చూసే ఏమ్స్ టెస్ట్‌తో కూడా చిక్కుంది, దాంట్లో వాడే బ్యాక్టీరియా హిస్టిడిన్ లేకుండా పెరగలేనిది, ప్రోటీన్ ఎక్కువున్న పొడిలో హిస్టిడిన్ దండిగా ఉంటుంది, దాన్ని తిని బ్యాక్టీరియా పెరిగితే ప్లేట్ చూసినవాడు అయ్యో మ్యుటేషన్లు అనుకుంటాడు. ఇలాంటి స్టడీలు అనుభవమున్న టాక్సికాలజిస్ట్‌తో కూర్చుని, నిజంగా ఏదైనా అనుమానించే పదార్థం దొరికినప్పుడు చేయాల్సినవి. ముందు కంపోజిషన్ తేలాలి.

కాబట్టి ఇప్పుడున్న లాట్ అమ్మొద్దు, పారేయనూ వద్దు, తేదీ రాసి చల్లగా పెట్టండి. జాతి నిర్ధారణ చేయించుకోండి. మేత ఎక్కడ కొన్నారో, ఎప్పుడు పెట్టారో, ఉడికించిన టైమ్, డ్రయర్‌కి ఎక్కించిన టైమ్ రాసుకుంటూ వేరు వేరు వారాల్లో ఐదు బ్యాచ్‌లు తీయండి. శాంపిల్ తీసేటప్పుడు బస్తా పైనుంచి చెంచాడు కాకుండా, ట్రే మూలల్లోంచి, మధ్యలోంచి, అడుగునుంచి తీసి, మధ్యలోది విడిగా కట్టండి, గడబిడ ఉంటే ముందు అక్కడే కనిపిస్తుంది. ల్యాబ్‌కి ఫోన్ చేసి బ్యాసిల్లస్ సీరియస్, స్పోర్ కౌంట్, హిస్టమిన్, నాలుగు లోహాలు, గ్లూటెన్, అమైనో యాసిడ్లు, వాటర్ యాక్టివిటీ చేస్తారా అని అడగండి, పురుగుల పొడి అని ముందే చెప్పండి, ఎందుకంటే ఈ పొడి కొవ్వూ కైటిన్ వల్ల కొన్ని పద్ధతుల్లో నంబర్లు తప్పుగా వస్తాయి, వాళ్ళు పద్ధతి సరిచూసుకోవాలి. ఖర్చు ఎక్కువనిపిస్తే ముందు ఒక్క బ్యాచ్‌కి స్పోర్ కౌంట్, లోహాలు, గ్లూటెన్ చేయించండి, మిగతా నాలుగూ అది చూశాక.

రుచి చూసే ప్యానెల్ పెట్టాలనుకుంటే ఇవి వచ్చేదాకా ఆగండి. తర్వాత కూడా రొయ్యలు, పీతలు, డస్ట్ మైట్స్, కార్మైన్ అనే ఎర్ర రంగు, వీటిలో ఏదైనా పడదన్నవాళ్ళని కూర్చోబెట్టొద్దు, ఆ రంగు కూడా పురుగులోంచి వచ్చేదే. మీ ఆవిడకి ఎప్పుడైనా ఈ పొడి పట్టే గదిలో ఉండగా ముక్కు కారడం, పెదాలు దురద పెట్టడం జరిగిందేమో ఒకసారి అడగండి. జరిగి ఉంటే అలెర్జీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, పొడి చిన్న డబ్బాలో గట్టిగా మూసి పట్టుకెళ్తే దాన్ని బట్టి ఏ టెస్ట్ చేయాలో ఆయన చెప్తారు.